తరుగు

వెరోనా నుంచి తెచ్చిన సీసా ఆరు నెలలు నా బీరువాలో చీరల వెనక పడి ఉంది. తెరవడానికి సందర్భాలు రాలేదని కాదు. స్నేహితులు వచ్చారు, పుట్టినరోజులు అయిపోయాయి. ఒకసారి కార్క్ స్క్రూ చేతిలోకి తీసుకుని కూడా మళ్లీ పెట్టేశాను. అది నాయినతో కలిసి తాగాల్సిన సీసా అని కొన్నరోజే అనుకున్నాను.

నాయినతో నేనెప్పుడూ తాగలేదు. ఆయన తాగుతాడని నాకు తెలుసు. నేను తాగుతానని ఆయనకు తెలుసు. ఈ రెండూ అమ్మకు తెలుసు. మా ఇంట్లో ఈ విషయం అక్కడితో ఆగిపోయింది.

ఉగాదికి రెండు రోజుల ముందు సీసాని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని బయల్దేరాను. శ్రీశైలం రోడ్డు మీద కల్వకుర్తి వైపు దాటి, డిండి దగ్గర కాసేపు నల్గొండ జిల్లాలో తిరిగి, మళ్లీ మా జిల్లాలోకి వస్తాం. మా జిల్లా అంటే, 2016 నుంచి కాగితాల మీద నాగర్‌కర్నూలు. నా నోటికి మాత్రం ఇంకా పాలమూరే. అమ్మది దేవరకొండ కాబట్టి డిండి వంతెన మీద మేం చిన్నప్పుడు "అమ్మమ్మ జిల్లా వచ్చింది, అమ్మమ్మ జిల్లా పోయింది" అని అరిచేవాళ్లం. రోడ్డు పక్కన మోదుగలు పూత అయిపోతున్నాయి. అంటే లోపల అడవిలో ఇప్ప రాలుతూ ఉంటుంది.

అచ్చంపేట చేరేసరికి చీకటి పడింది. నాయిన సీసా పట్టుకుని కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, లేబుల్ మీది అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"అ...మ...రో... ఏంది బిడ్డా, అమ్రాబాద్ సారానా?"

"అమరోనే, నాయినా. ఇటలీది. వైను."

"వైన్స్ కాడ దొర్కదా?"

"వైన్స్‌ల వైను తప్ప అన్నీ దొర్కుతయి."

నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి "పండుగ పూట ఏం తెచ్చినవే" అంది గానీ ఇవతలికి రాలేదు.

"దేంతోని చేస్తరు?" అన్నాడు.

"ఎండబెట్టిన ద్రాక్షతోని."

సీసా దించి నా వైపు చూశాడు. "ఎండబెట్టి నానబెడ్తరా? మన ఇప్పపువ్వు లెక్క?"

ఆ మాట ఆయన నోటి నుంచే రావాలని ఆరు నెలలుగా ఎదురుచూశానేమో.

*

నేను పనిచేసేది హైదరాబాద్‌లో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో. నల్గొండ వైపు గుట్టల్ని కోసి తెచ్చిన రాయి కూడా మా కాగితాల మీదుగానే ఓడెక్కుతుంది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, కొలతల పట్టిక, ఇవీ నా పని. ఏటా సెప్టెంబరు చివర్లో వెరోనాలో మార్మోమాక్ అని రాళ్ల ప్రదర్శన జరుగుతుంది. ప్రపంచంలో రాయి అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ, రాయి కోసే యంత్రాలు చేసేవాళ్లూ అక్కడికి చేరతారు. ఆ ఏడాది నన్నూ పంపారు.

రాళ్ల వ్యాపారంలో అలవెన్స్ అని ఒకటుంది. క్వారీ నుంచి వచ్చిన దిమ్మె అంచులు సమంగా ఉండవు కాబట్టి కొనేవాడు పొడవులో, వెడల్పులో, ఎత్తులో కొన్ని సెంటీమీటర్లు కొట్టేసి మిగిలినదానికే డబ్బిస్తాడు. న్యాయమే. అయితే ఎన్ని సెంటీమీటర్లు అన్నది రాయిని బట్టి కాకుండా, ఎవరి అవసరం ఎక్కువ అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆ మూడు రోజులూ మా సారు పక్కన కూర్చుని సెంటీమీటర్ల బేరం విన్నాను. ఒక్కో సెంటీమీటరు పోతున్నప్పుడల్లా నాకు ఒక పాత మాట గుర్తొచ్చేది. తరుగు.

ధాన్యం కొనుగోళ్ల వార్తల్లో ఈ మాట మీరు చూసే ఉంటారు. తేమ ఉందనీ తాలు ఉందనీ బస్తాకు ఇన్ని కిలోలు తీసేశారని రైతులు రోడ్డెక్కుతుంటారు. తూకంలో ఉన్నదానికీ డబ్బిచ్చేదానికీ మధ్య మాయమయ్యేదే తరుగు. నేను ఆ మాట పేపర్లో చదివి నేర్చుకోలేదు. పదేళ్ల వయసులో మా దుకాణంలో కూర్చుని చిట్టాలో రాసి నేర్చుకున్నాను. అది తర్వాత చెప్తాను.

నాలుగో రోజు సెలవు. కొనుగోలుదారు దగ్గర పనిచేసే ఒకమ్మాయి తన మేనమామ వాళ్ల తోటకు తీసుకెళ్లింది. వెరోనాకు ఉత్తరాన వాల్పొలిచెల్లా అనే కొండ ప్రాంతం, నెగ్రార్ దగ్గర ఊరు. కోతలు సగం అయ్యాయి. పెద్దాయన మమ్మల్ని తోటలోకి కాకుండా ముందు ఇంటి పై అంతస్తుకు తీసుకెళ్లాడు. నాలుగు వైపులా కిటికీలున్న పొడుగాటి గది. చెక్క చట్రాల మీద ట్రేలు, ట్రేలలో ఒకే వరసగా పరిచిన నల్ల ద్రాక్ష గుత్తులు. ఒకప్పుడు వీటిని రెల్లు తడికల మీద ఆరబెట్టేవాళ్లట. ఒక మూల పాత తడికలు ఇంకా ఉన్నాయి.

అక్కడ పండే ద్రాక్ష రకాలు కొర్వీనా, కొర్వినోనే, రొండినెల్లా. గుత్తిలో గింజలు ఇరుగ్గా ఉన్నవాటిని పక్కన పెట్టేస్తారు. గాలి ఆడకపోతే బూజు పడుతుంది. కోసిన ద్రాక్షని వెంటనే పిండరు. ఎండలో పెట్టరు కూడా. నీడలో, గాలికి, దాదాపు వంద రోజులు వదిలేస్తారు. డిసెంబరు 1కి ముందు పిండకూడదని నియమం. ఈలోపు గింజ ముడతలు పడుతుంది, నీళ్లు పోతాయి, చక్కెర చిక్కబడుతుంది. బరువులో మూడో వంతుకు పైనే గాలికి పోతుంది. చలికాలంలో పిండి పులియబెడితే, ఆ చలికి పులుపు నెమ్మదిగా, వారాల తరబడి సాగుతుంది. ఉన్న చక్కెరంతా ఆల్కహాల్‌గా మారేదాకా ఆగుతారు. అందుకే అంత తీపి ద్రాక్ష నుంచి తీపి లేని వైను వస్తుంది. తక్కువలో తక్కువ 14 శాతం ఆల్కహాల్. మామూలుగా 15, 16 ఉంటుంది. ఆపైన కనీసం రెండేళ్లు పీపాల్లో, సీసాల్లో నిలవుంచాలి.

ఈ పద్ధతి పాతదే. ఆరో శతాబ్దంలో థియోడొరిక్ రాజు దగ్గర మంత్రిగా ఉన్న కాసియొడోరస్, వెరోనా ప్రాంతంలో ద్రాక్షని ఎండబెట్టి చేసే పానీయం గురించి ఉత్తరంలో వర్ణించి, రాజుగారి బల్లకు అది పంపమన్నాడు. అయితే ఆ కాలం నుంచీ చేసింది తీపి వైనే. దాన్ని ఇప్పుడు రెచోతో అంటారు, పులుపు మధ్యలో ఆగిపోవడంతో తీపి మిగులుతుంది. అమరోనే పుట్టుక గురించి అక్కడివాళ్లు ఇష్టంగా చెప్పే కథ ఒకటుంది. 1936లో నెగ్రార్ సహకార సంఘం నేలమాళిగలో ఒక రెచోతో పీపాని మర్చిపోయారట. తెరిచి చూస్తే తీపంతా పోయింది. "అమారో" అంటే చేదు. రుచి చూసిన మేస్త్రి, ఇది చేదు కాదు, గొప్ప చేదు, అన్నాడట. అదే అమరోనే. కథలో నిజమెంతో గానీ, ఒక మతిమరుపుకు 1968లో ప్రభుత్వ గుర్తింపు దక్కింది, 2010లో అక్కడి వైన్లకు ఇచ్చే అన్నింటికన్నా పై గుర్తింపు దక్కింది.

గది మూలలో ఒక ట్రే మాత్రం తూకం మీద ఉంది. దాని మీద సుద్దముక్కతో 6,0 అని రాసి ఉంది. పెద్దాయన చెప్తుంటే అమ్మాయి అనువాదం చేసింది. కోసిన రోజు ఆరు కిలోలు. వారం వారం చూస్తారు. నాలుగు కిలోలకు దగ్గరపడితే ఇక పిండే పని మొదలు. వంద కిలోల పచ్చి ద్రాక్షకు నలభై లీటర్ల కంటే ఎక్కువ వైను తీయడానికి వీల్లేదని కూడా నియమం ఉందట.

నా నోట్లోంచి ఠక్కున వచ్చేసింది. "మరి తగ్గిన రెండు కిలోలకు డబ్బెవరిస్తారు?"

అమ్మాయికి ప్రశ్న అర్థం కాలేదు. మళ్లీ అడిగాను. ఆమె మామయ్యకు చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, నవ్వి, వేలితో నన్ను చూపించాడు.

"మీరే," అంది అమ్మాయి. "సీసా కొంటున్నారుగా."

ముప్పై ఎనిమిది యూరోలు పెట్టి కొన్నాను. బయటికొచ్చేటప్పుడు పెరట్లో ట్రేలు కడుగుతున్న ఇద్దరు కుర్రాళ్లు పంజాబీలో మాట్లాడుకుంటున్నారు. వాళ్ల చేతులు మోచేతుల దాకా ఊదారంగులో ఉన్నాయి. ఆ ముప్పై ఎనిమిదిలో వాళ్లకెంత అని అడగాలనిపించింది గానీ, అప్పటికే ఒక ప్రశ్న ఎక్కువ అడిగేశాను.

*

మా నాయినకు అచ్చంపేటలో కిరాణా కొట్టు ఉండేది. ఉప్పు, పప్పు, నూనె, చాయపత్తా అమ్మేవాడు. ఎండాకాలం వస్తే కొట్టు వెనక గది ఖాళీ చేయించేవాడు. ఆ గది ఇప్పపువ్వుకు.

చూడనివాళ్ల కోసం చెప్తాను. ఇప్పపువ్వు చెట్టు మీద వాడిపోదు. ఫాల్గుణం, చైత్రం నెలల్లో రాత్రిపూట విచ్చుకుని తెల్లారుజామున నిండుగా, రసంతో, గోధుమరంగు ముత్యాల్లా టపటపా రాలుతుంది. అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచులు చెట్టు కింద ఆకులు ఊడ్చి, ఎలుగుబంటి వచ్చేలోపు ఏరుకోవాలి. ఎలుగుకు ఆ పువ్వంటే ప్రాణం. ఏరినదాన్ని బండల మీద పరిస్తే మూడు నాలుగు రోజుల్లో ఎర్రబడి, ముడుచుకుని, అచ్చం కిస్మిస్‌లా అవుతుంది. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. అలాగే తినొచ్చు, జొన్నలతో కలిపి వండుకోవచ్చు, గింజలు దొరకని నెలల్లో అదే తిండి. నీళ్లలో నానబెట్టి, పులిసి బుడగలు వచ్చాక కుండల్లో కాచి ఆవిరి పడితే ఇప్పసారా. ద్రాక్షకూ ఇప్పకూ తేడా అక్కడే. వైనుని కాచరు. కానీ ఎండబెట్టడం దగ్గర రెండూ ఒకటే. నీళ్లు పోగొట్టి తీపిని దాచుకోవడం.

గిరిజన ప్రాంతాల్లో అటవీ ఉత్పత్తులు కొనే హక్కు 1979 నుంచి గిరిజన సహకార సంస్థదే. ఆ లెక్కన నాయిన కొనడం తప్పు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. చెంచులు పొద్దెక్కాక కాకుండా చీకటితోనే ఎందుకు వచ్చేవాళ్లో, గది తలుపు ఎందుకు సగమే తీసేవాళ్లో తర్వాత అర్థమైంది. 1995 జనవరిలో రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. ఆ తర్వాత రెండు ఎండాకాలాలు మా వెనక గది పైకప్పు దాకా నిండింది. వాసన కొట్టులోకి వచ్చేది. తియ్యగా, కాస్త ముక్కిపోయినట్టు, తడిసిన కంబళిలా. నా యూనిఫారానికి కూడా అదే వాసన అని బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది.

1996లో నాకు పదేళ్లు. ఒంటిపూట బడులు. మధ్యాహ్నం, కొన్నిసార్లు తెల్లారుజామున, చిట్టా రాయడం నా పని. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని నాయినకు గర్వం. ఆయన కాంటా చూసి బరువు చెప్పేవాడు. తర్వాత గుప్పెడు పువ్వు తీసుకుని పిడికిలి బిగించి వదిలేవాడు. ముద్దలా అంటుకుంటే పచ్చి. విడిపోయి రాలితే ఎండింది. పచ్చిగా ఉంటే నిలవలో ఇంకా ఎండి బరువు తగ్గుతుంది కాబట్టి కిలోకు వంద గ్రాముల తరుగు. ఎండినదానికి తరుగు ఉండకూడదు. లెక్క అంతే.

ఒక అవ్వ వచ్చేది. సన్నగా, పొట్టిగా, భుజం మీద ఎప్పుడూ ఒక గోనెసంచి. ఆమె తెచ్చే పువ్వులో ఆకు ముక్క కూడా ఉండేది కాదు. ఆమె సంచి విప్పి దోసిట్లోకి తీసుకుని పైకి ఎగరేస్తే గలగలమనేది. ఆ రోజు నాయిన పిడికిలి బిగించి వదిలాడు. పువ్వులన్నీ విడివిడిగా బల్ల మీద రాలాయి.

"ముప్పై రెండు కిలోలు. తరుగు మూడు రెండొందలు. రాయి," అన్నాడు.

"నాయినా, గివి ఎండినయ్ కద," అన్నాను.

కొట్టులో ఇంకో ఇద్దరు ఉన్నారు. నాయిన నా వైపు చూడలేదు. "రాయి బిడ్డా," అన్నాడు మెల్లగా.

అవ్వ నవ్వింది. నా చేతిలో నాలుగు పువ్వులు పెట్టి, "పిల్లకు ఎరికే," అంది. ఇంకేం అనలేదు. ఉప్పు, మిరపకాయలు, బియ్యం తీసుకుని, మిగిలిన డబ్బులు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

నేను రాశాను. 32. 3.2. 28.8.

*

నాయిన మొదటి గుక్క నోట్లో పెట్టుకుని మింగకుండా కాసేపు ఉంచాడు. మా ఇంట్లో వైను గ్లాసులు లేవు, స్టీలు గ్లాసుల్లోనే పోశాను. కార్క్ తీసి గంట దాకా గాలికి ఉంచాలని వెరోనాలో చెప్పారు. ఆ గంట ఆయన చేత ఉంచడం చాలా కష్టమైంది.

"ఎట్లుంది?"

"చేదున్నది." ఇంకో గుక్క తాగాడు. "మల్ల తీపి వాసన ఒస్తున్నది. నోట్లె లేదు, ముక్కుల ఉన్నది." కళ్లు మూసుకున్నాడు. "బిడ్డా, ఇది మన ఎనక రూము వాసన."

పూర్తిగా అదే కాదు. ఇందులో ఎండిన నల్లచెర్రీ, అంజీరు, కాస్త చేదు చాక్లెట్, పాత చెక్క ఉన్నాయి. కానీ ఎండిన తీపికి అడుగున ఒక వాసన ఉంటుంది. అది వెరోనాలోనే నాకు తగిలింది. ఆ పై అంతస్తు గదిలోకి అడుగుపెట్టగానే నేను పదేళ్ల పిల్లనైపోయాను. అందుకే కొన్నాను ఈ సీసాని.

ఆయనకు ఆ గది గురించి చెప్పాను. కిటికీలు, ట్రేలు, సుద్దముక్క రాత. ఆరు కిలోలు నాలుగవుతుందని చెప్పగానే, వ్యాపారి కదా, అడగాల్సింది అడిగాడు.

"గంత తరుగా? ఎవరి మీద పడ్తది అది?"

"కొనేటోళ్ల మీద."

గ్లాసు కింద పెట్టాడు. "మంచిగున్నది," అన్నాడు. చాలాసేపు ఇంకేం అనలేదు.

నేను కూడా ఊరుకోవచ్చు. కానీ డిసెంబర్‌లో వచ్చినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ ఏడాది చిట్టా దొరికింది. ఎర్ర అట్ట, దారం ఊడిపోయింది. కొన్న పేజీలన్నీ నా గుండ్రటి దస్తూరి. అమ్మిన పేజీ ఒక్కటే నాయినది, శ్రావణంలో రాసింది. నా ఉద్యోగమే కొలతల పట్టికలు సరిచూడటం, కాబట్టి కూడకుండా ఉండలేకపోయాను. ఆ సీజన్లో కాంటా మీదికి ఎక్కిన పువ్వు 1,268 కిలోలు. తరుగు పోను డబ్బిచ్చింది 1,141 కిలోలకు. శ్రావణంలో అమ్మింది 1,296 కిలోలు.

అంటే నిలవలో తగ్గలేదు. వానలకు తేమ పీల్చుకుని పెరిగింది.

కిలో ఐదు రూపాయల చొప్పున కొన్నాడు. 155 కిలోలకు 775 రూపాయలు. చిట్టా చివరి పేజీలో ఇంటి ఖర్చులున్నాయి. ఆ ఏడాది ఇంగ్లిష్ మీడియం బడిలో నా ఫీజు, పుస్తకాలు కలిపి ఎనిమిది వందల పది.

సంచిలోంచి చిట్టా తీసి ఆయన ముందు పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నిలదీయడానికి కాదనుకుంటాను. ఆ ఫీజుతో చదువుకున్నదాన్ని, ఆయన్ని నిలదీసే హక్కు నాకెక్కడిది? ఇంతకాలం నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువు ఆయన దగ్గర కూడా ఉందో లేదో చూడాలనుకున్నానేమో.

కళ్లద్దాలు దించుకుని పేజీలు తిప్పాడు. శ్రావణం పేజీ దగ్గర ఆగాడు.

"వానకాలం అమ్మితే బరువు పెరుగుతది," అన్నాడు. "అందరం గట్లనే చేసినం."

"అవ్వ పువ్వు ఎండింది నాయినా."

"ఎరికే." వేలితో నా రాతని తడిమాడు. "నీ చెయ్యిరాతే."

"నువ్వే రాయమన్నవ్."

"అవ్, నేనే రాయమన్న."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ గడప దగ్గర నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో. "ఆ ముసలిది ఎన్నడో పాయె," అంది. "పోయేముందు ఏడు కూడ ఒచ్చింది. మీ నాయిన ఆమెకు తరుగు తియ్యలే అప్పుడు." అది నిజమో, ఆయన్ని కాయడానికి అన్నదో తెలియదు. ఆ తర్వాతి చిట్టాలు లేవు.

*

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే తప్పంతా ఒక కిరాణా కొట్టు మీద పడుతుంది. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వు ఏరడాన్నీ, దగ్గర ఉంచుకోవడాన్నీ, అమ్మడాన్నీ కట్టడి చేస్తూ ప్రత్యేకంగా ఒక చట్టమే తెచ్చింది. తినే పువ్వుని ముందు నేరం చేశారు. నేరమైన సరుకుకు బహిరంగ తూకం ఉండదు. సగం తెరిచిన తలుపు వెనక తూచేవాడు చెప్పిందే బరువు. వాల్పొలిచెల్లాలో ఎంత ఎండబెట్టాలో, ఎప్పుడు పిండాలో, ఎన్నేళ్లు ఆగాలో అన్నీ పట్టపగలు రాసిపెట్టుకున్నారు. ఆ రాతే పోయిన రెండు కిలోలకు ధర పలికించింది. ఈ మధ్య ఇక్కడా కొంచెం మారుతోంది. 2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాని వారసత్వ మద్యంగా అమ్మిస్తామంది. మన ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. సీసా మీదో డబ్బా మీదో పేరు రావడం మంచిదే. తెల్లారుజామున ఎలుగుబంటి కంటే ముందు లేచిన మనిషికి కాంటా దగ్గర ఏం మిగులుతుందన్నది వేరే ప్రశ్న. ఆ పంజాబీ కుర్రాళ్లను నేను అడగని ప్రశ్న కూడా అదే.

సీసాలో సగం మిగిలింది. అమ్మ కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టింది.

పొద్దున్నే నాయిన చొక్కా వేసుకుని కారు దగ్గర నిలబడ్డాడు. "మన్ననూరు దాక పోయొద్దాం పా," అన్నాడు. ఎందుకని అడగలేదు. ఘాటు మొదలయ్యే ముందు, రోడ్డు పక్కన చింతపండు, తేనె సీసాలు పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. పక్కన పళ్లెంలో ఇప్పపువ్వు. నాయిన దిగి కిలో ఇమ్మన్నాడు. ఆమె చేతికాంటా ఎత్తింది. ఆమె తూస్తుండగానే, ఇన్నేళ్ల అలవాటు కదా, నాయిన చెయ్యి పళ్లెంలోకి వెళ్లింది. గుప్పెడు తీసి, బిగించి, వదిలాడు.

ముద్దలా అంటుకుంది. ఇంకా రెండు ఎండలు కావాలి దానికి.

ఆమె చూసింది. నేనూ చూశాను. బేరం మొదలవుతుందని ఆమె సిద్ధమైనట్టే ఉంది. నాయిన అరచేతికి అంటుకున్న పువ్వుల్ని ఒక్కొక్కటీ తీసి పళ్లెంలో వేసి, ఆమె అడిగినంతా ఇచ్చి, చిల్లర కోసం ఆగకుండా కారెక్కాడు.

నేను హైదరాబాద్ వచ్చేశాను. సోమవారం ఒక కొనుగోలుదారు ఈసారి అలవెన్స్ ఇంకో రెండు సెంటీమీటర్లు పెంచాలని మెయిల్ పెట్టాడు. రాయి ఫొటోలు తీసి చూశాను. అంచులు బాగానే ఉన్నాయి. ఒప్పుకోవద్దని సారుకు రాశాను. సారు ఒప్పుకున్నారు, కొనుగోలుదారుకు.

మంగళవారం రాత్రి అమ్మ ఫోన్ చేసింది. పువ్వు మిద్దె మీద ఎండిందనీ, పాయసం చేస్తాననీ చెప్పి, ఉన్నట్టుండి, "కిలో తెచ్చిర్రు కద, చూస్తె ముప్పావు కిలో గూడ లేదే," అంది.

వెనక నుంచి నాయిన గొంతు వినిపించింది. "పోనియ్. ఆ తరుగు మనదే."